వెట్ సెంటర్ అంటే పశువులాస్పత్రి కాదండీ: రెండేళ్ళుగా వెళ్తున్నవాడి రివ్యూ

"ఇంక మంగళవారం సాయంత్రాలు వెట్ సెంటర్‌కి వెళ్తా" అని మా ఆవిడతో అంటే తను వంటింట్లోంచే "మనకి కుక్కా లేదు పిల్లీ లేదు, అక్కడ మీకేం పనండీ" అంది. మనవైపు వెట్ అంటే పశువుల డాక్టరే కదా, తన తప్పేం లేదు. ఇక్కడ అమెరికాలో వెట్ అంటే వెటరన్, మిలట్రీలో చేసి బయటికొచ్చినోడు. వెట్ సెంటర్ అంటే అలాంటోళ్ళు కూర్చుని మాట్లాడుకునే, కౌన్సెలింగ్ తీసుకునే చోటు. పైగా నేను ఆర్మీలో చేశానని మా కాంప్లెక్స్‌లో ఉన్న తెలుగోళ్ళలో ఇద్దరు ముగ్గురికి తప్ప తెలీదు, అందరూ ఇంకో సాఫ్ట్‌వేర్ వాడనుకుంటారు, నేనూ సరిదిద్దను.

ఆ కథ ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తా, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఎమ్మెస్‌కి వచ్చా, చేశా, ఉద్యోగాలు లేని టైమ్ అది. అప్పుడు మావ్నీ అని ఒక ప్రోగ్రామ్ ఉండేది, 2008 చివర్లో ఓకే చేశారు, 2009లో చేర్చుకోవడం మొదలెట్టారు, 2016లో ఆపేశారు. గ్రీన్ కార్డ్ లేకపోయినా స్టూడెంట్ వీసా మీదో హెచ్ వన్ మీదో లీగల్‌గా ఉండి, వాళ్ళకి కావాల్సిన భాషేదైనా వస్తే తీసుకునేవాళ్ళు, బేసిక్ ట్రైనింగ్ అయ్యేసరికి సిటిజన్‌షిప్. నాకు ఫోన్లో హిందీ మాట్లాడించి పరీక్ష పెట్టారు, హైదరాబాద్ హిందీతో గట్టెక్కా. మన కుర్రాళ్ళు చాలామందే ఆ దారిలో వెళ్ళారు, బయటికి చెప్పుకోరంతే. నాకు లారీ తోలే పనిచ్చారు, 88 మైక్ అంటారు, మిస్సోరీలో ఫోర్ట్ లెనర్డ్ వుడ్‌లో నేర్పిస్తారు. ఎమ్మెస్ చదివిన కొడుకు లారీ తోలుతున్నాడని చెప్పుకోలేక మా నాన్న చుట్టాలందరికీ "కంప్యూటర్ సెక్షన్" అని చెప్పాడు. 2012లో కాందహార్ వెళ్ళా, తొమ్మిది నెలలు.

తిరిగొచ్చాక చాలా ఏళ్ళు బానే ఉన్నాననుకున్నా. నిద్ర సరిగ్గా పట్టదు, రోడ్డు పక్కన ఎవరైనా చెత్త సంచి పడేసుంటే లేన్ మార్చేస్తా, రెస్టారెంట్లో గుమ్మం కనపడే సీటే కావాలి, ఇవన్నీ నా అలవాట్లు అనుకున్నానే గానీ ఇంకోటి అనుకోలేదు. ఓ దీపావళికి గుడి పార్కింగ్ లాట్‌లో టపాకాయలు కాలుస్తుంటే లక్ష్మీ బాంబు లాంటిదేదో పేలింది, మళ్ళీ తెలివొచ్చేసరికి నేను మా పాపని కిందేసుకుని ఓ కారు వెనకాల బోర్లా పడుకునున్నా. మా ఆవిడ పట్టుచీరలో, చేతిలో పులిహోర ప్లేటుతో అలాగే నిలబడి చూస్తోంది. ఎవరో అంకుల్ "ఏం బాబూ కళ్ళు తిరిగాయా, ఉపవాసమా" అన్నాడు, అవునండీ అన్నా. ఇంట్లో అమ్మకి వీడియో కాల్‌లో నిద్ర సంగతి మాత్రం చెప్తే "దిష్టి నాన్నా" అని, గుంతకల్లు పక్కన కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్ళి తాయెత్తు తెచ్చి ఇటొచ్చే వాళ్ళెవరితోనో పంపించింది. అది ఇప్పటికీ కారు అద్దానికి వేలాడుతోంది, తీయను.

వెట్ సెంటర్ కంటే ముందు రెండు చోట్ల తిరిగా. ఒకటి ఆన్‌లైన్ థెరపీ యాప్, పేరొద్దు. ఆవిడ మంచావిడే, కానీ ఉన్న నలభై ఐదు నిమిషాల్లో ముప్పై నిమిషాలు కాన్వాయ్ అంటే ఏంటి, గన్నర్ ఎక్కడ నిలబడతాడు అని ట్యూషన్ చెప్పడానికే అయిపోయేవి, మిగతా పదిహేను నిమిషాల్లో నేను అసలు సంగతి మొదలెట్టగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు, ఇంక నేనే "పర్లేదు మేడమ్" అని ఓదార్చాలి. డబ్బులిచ్చి మరీ ఓదార్చడం. రెండోది వెటరన్ల కోసమే పెట్టిన ఒక క్లబ్బు, దీని పేరూ వద్దు, వెళ్ళిన ప్రతిసారీ బీరు, టీషర్టుల అమ్మకం, అరుపులు, ఇంటికెళ్ళాక ఇంకా నిద్ర పట్టేది కాదు.

సరే అసలు రివ్యూ. మా ఊళ్ళో వెట్ సెంటర్ ఒక స్ట్రిప్ మాల్‌లో ఉంటుంది, ఒక పక్క ఇన్‌కమ్ ట్యాక్స్ ఫైల్ చేసేవాళ్ళ ఆఫీసు, ఇంకో పక్క గోళ్ళకి రంగులేసే షాపు. మొదటిసారి రెండు రౌండ్లు కొట్టి గానీ కనిపెట్టలేదు. తర్వాత తెలిసింది కావాలనే అలా పెడతారట, పెద్ద ఆస్పత్రి బిల్డింగ్ చూస్తేనే కొంతమంది వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు కాబట్టి మామూలు వీధుల్లో మామూలు షాపుల మధ్య పెట్టడం మొదట్నించీ వాళ్ళ పద్ధతి. ఇవి గవర్నమెంటువే, వీఏ అని వెటరన్ల సంగతి చూసే శాఖ వాళ్ళవి, కానీ వీఏ ఆస్పత్రి వేరు, ఇవి వేరు. దేశం మొత్తం మీద 300 దాకా ఉన్నాయి, అవి కాక బస్సుల్లాంటి మొబైల్ సెంటర్లు 80కి పైగా తిరుగుతుంటాయి.

లోపలికెళ్తే డెస్క్ దగ్గరున్న ఆయన ముందు "కాఫీ?" అన్నాడు. ఇన్సూరెన్స్ కార్డు అడుగుతాడేమోనని పర్సు తీశా, లోపల పెట్టుకోమన్నాడు. ఫ్రీ అండీ, పూర్తిగా ఫ్రీ, కో-పే అని మన వాటా కట్టేదీ లేదు, సెషన్లకి లెక్క లేదు. డిశ్చార్జ్ అయినప్పుడు ఇచ్చే డీడీ 214 కాగితం చూపించా, ఎక్కడ చేశావ్ ఎప్పుడు చేశావ్ అన్నాడు, కాందహార్ అనగానే "ఏ రూట్?" అని అడిగాడు. నేను రూట్ పేరు చెప్పా, ఆయన ఒక్కసారి తలూపాడు. అంతే. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను ఏ రూట్ అని అడగలేదు, అందరూ ఎంతమందిని చంపావ్ అనో, అక్కడ తిండెలా ఉండేదనో అడిగినవాళ్ళే. ఆయన కూడా చేసొచ్చినాయనే, ఈ సెంటర్లలో పనిచేసేవాళ్ళలో చాలామంది వెటరన్లే.

గ్రూప్ రూమ్‌లో కుర్చీలు గుండ్రంగా వేసుంటాయనుకున్నా సినిమాల్లో చూపించినట్టు. కాదు, గోడల వారగా వేశారు, ఎవరి వీపు వెనకాలా ఖాళీ లేకుండా, ఎవరు ఎక్కడ కూర్చున్నా తలుపు కనపడేలా. గుమ్మం సీటు కోసం పోటీ పడే పనే లేదు, అన్నీ గుమ్మం సీట్లే. అది చూసి నాకు నవ్వొచ్చింది, పక్కనున్నాయన నవ్వాడు, ఆయనకీ మొదటిరోజు అదే అనిపించిందట.

మా మంగళవారం గ్రూప్‌లో ఎనిమిది పది మంది ఉంటారు. ఇరాక్ వాళ్ళు, అఫ్ఘనిస్థాన్ వాళ్ళు, 1991 గల్ఫ్ వార్ ఆయన ఒకరు, వియత్నాం పెద్దాయన ఒకరు. ఈయన్ని నేను మనసులో తాతా అనే అనుకుంటా, అలా పిలిస్తే కొడతాడేమో. ఈ సెంటర్లు అసలెలా పుట్టాయో ఈయనే చెప్పాడు. 1970లో న్యూయార్క్‌లో యుద్ధం వద్దనే వియత్నాం వెటరన్లు కొంతమంది ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవడం మొదలెట్టారు, లిఫ్టన్, షటాన్ అని ఇద్దరు సైకియాట్రిస్టులు వచ్చి వాళ్ళతో కూర్చునేవాళ్ళు, డాక్టర్లలా కాదు, వాళ్ళలో ఒకళ్ళలా. రాప్ గ్రూపులనేవాళ్ళు వాటిని, రాప్ అంటే ఆ రోజుల్లో ఊరికే కబుర్లాడుకోవడం. అవి ఊరూరా పాకాయి. 1979లో గవర్నమెంట్ చట్టం చేసి వియత్నాం వాళ్ళ కోసం వెట్ సెంటర్లు పెట్టింది. పీటీఎస్డీ, అంటే యుద్ధం లాంటి ఘోరం చూశాక మనసుకి పట్టుకునే జబ్బు, ఆ పేరు డాక్టర్ల పుస్తకంలో ఎక్కింది 1980లో, అంటే జబ్బుకి బారసాల జరక్కముందే దానికి అరుగు కట్టేశారన్నమాట. 1991లో లెబనాన్, గ్రెనడా, పనామా, గల్ఫ్ వాళ్ళకీ తెరిచారు, 2003 నుంచి మా అఫ్ఘనిస్థాన్, ఇరాక్ బ్యాచ్.

ఇప్పుడు నేను చెప్పబోయేది రాయాలా వద్దా అని వారం ఆలోచించా. గ్రూప్‌లో ఒకటే గట్టి రూలు, ఇక్కడ విన్నది ఇక్కడే. అందుకే తాతని అడిగా, మా భాషలో రాస్తా, మీ పేరు రాయను అన్నా. నీ భాషలో ఎంతమంది చదువుతారు అన్నాడు, మాట్లాడేవాళ్ళే ఎనిమిది కోట్ల మంది పైన ఉంటారండీ అంటే కాసేపు నోరు తెరిచి, సరే రాసుకో అన్నాడు.

మా కాన్వాయ్‌లో నాకు ముందున్న బండి పేలిన రోజున నేను దిగలేదు. దిగకూడదు, డ్రైవర్ ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని స్టీరింగ్ వదలకుండా కూర్చోవాలి, అదే రూలు. రెండు గంటల పైన అలాగే కూర్చున్నా, అద్దంలోంచి అంతా కనపడుతోంది. ఆ రెండు గంటల్లో నేను జేబులో ఉన్న స్కిటిల్స్ ప్యాకెట్ చించి తిన్నా. ఒక్కోటి తీసి, రంగు చూసి మరీ. పచ్చవి ముందు తిన్నా. బాంబు కాదండీ నన్ను పట్టుకున్నది, ఆ పచ్చ స్కిటిల్స్. అక్కడ మనుషులు అలా పడుంటే వీడు మిఠాయి తిన్నాడు, వీడేం మనిషి అని. మా ఆవిడకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు, యాప్ మేడమ్‌కి చెప్పే ధైర్యం లేదు. గ్రూప్‌లో చేరిన నాలుగో నెలలో ఎందుకో నోరు జారి చెప్పేశా. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ నీ తప్పు కాదు అని కూడా అనలేదు, అది నాకు నచ్చింది. కాఫీ మిషన్ గురగుర చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు తాత నేల వైపు చూస్తూ "నేను పీచెస్ తిన్నా" అన్నాడు. ఆ రోజుల్లో వాళ్ళకిచ్చే సి రేషన్లలో, అంటే మిలట్రీ డబ్బా తిండిలో, పీచెస్ పళ్ళ డబ్బా అంటే బంగారం, దానికోసం సిగరెట్లు ఇచ్చి మార్చుకునేవాళ్ళట. ఆయన ఆ రోజు డబ్బా మొత్తం తిని అడుగున ఉన్న పాకం కూడా తాగాడు. యాభై ఏళ్ళ నుంచి ఇంట్లో పీచెస్ కొననివ్వడు, ఎందుకని వాళ్ళావిడకి తెలీదు.

ఆ రాత్రి నేను ఆరు గంటలు ఏకధాటిగా పడుకున్నా. మర్నాడు పాపని స్కూల్‌కి లేటుగా దింపా, అదీ లెక్క.

ఇది చదివి గ్రూప్‌కెళ్తే చాలు అన్నీ తగ్గిపోతాయనుకోకండి, అలా రాస్తే అబద్ధం అవుతుంది. గ్రూప్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది, అసలు వైద్యం మాత్రం కౌన్సిలర్ దగ్గర విడిగా జరిగింది. సీపీటీ అని ఒకటి చేయించారు, పన్నెండు సెషన్లు, వారం వారం హోంవర్క్. మన బుర్రలో ఇరుక్కుపోయిన మాటలుంటాయి చూడండి, "నేను మనిషిని కాదు" లాంటివి, వాటిని స్టక్ పాయింట్లు అంటారు, ఒక్కోదాన్నీ కాగితం మీద పెట్టి లాయరు క్రాస్ చేసినట్టు దీనికి సాక్ష్యం ఏంటి, దానికి సాక్ష్యం ఏంటి అని లాగాలి. నేను మొదటి రెండు వారాలు ఇంగ్లీషులో రాశా, ఆఫీసు మెయిల్‌లా వచ్చింది, చదివితే నాకే నవ్వు. తెలుగులో రాయొచ్చా అంటే కౌన్సిలర్ ఓ రాయి అన్నాడు. రాసింది తెలుగులోనే గట్టిగా చదివి వినిపించమన్నాడు, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు, వింటూ కూర్చున్నాడు, తర్వాత ఇంగ్లీషులో చెప్పమన్నాడు. తెలుగులో చదివేటప్పుడే ఏడుపొచ్చింది, ఇంగ్లీషులో రాలేదు. అమ్మ తాయెత్తు సంగతి కూడా చెప్పా, ఎగతాళి చేస్తాడనుకుంటే "దిష్టి" అనే మాట స్పెల్లింగ్ అడిగి నోట్స్‌లో రాసుకున్నాడు.

మనోళ్ళకి మొదట వచ్చే డౌట్ ఇది, ఆఫీసుకి తెలుస్తుందా, రికార్డుల్లోకి ఎక్కుతుందా, రేపు సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే ప్రాజెక్ట్ వస్తే ఎలా అని. వెట్ సెంటర్ రికార్డులు వీఏ ఆస్పత్రి రికార్డుల్లో కలవవు, విడిగా ఉంటాయి, మనం సంతకం పెడితే తప్ప ఆర్మీకీ వీఏకీ కూడా ఇవ్వరు, ప్రాణాపాయం లాంటి అత్యవసరం అయితే అది వేరే. రెండో డౌట్, నాకు పెద్దగా దెబ్బలేం తగల్లేదు కదా, నేను అర్హుడినా అని. డిసెబిలిటీ రేటింగ్ అక్కర్లేదు, వీఏలో ఎన్‌రోల్ అవ్వక్కర్లేదు. యుద్ధం జరిగే చోట పనిచేసుంటే చాలు, మా లారీ వాళ్ళం కూడా వస్తాం. సర్వీసులో ఉండగా లైంగిక దాడికి గురైన వాళ్ళెవరైనా, ఆడా మగా, యుద్ధానికి వెళ్ళకపోయినా సరే, రావొచ్చు. చనిపోయిన సైనికుల శరీరాలు చూసుకునే మార్చురీ డ్యూటీ చేసినవాళ్ళు, ఇక్కడ కూర్చుని స్క్రీన్ మీద డ్రోన్లు నడిపినవాళ్ళు కూడా. ఆఖరి ఇద్దరి సంగతి తెలిశాక నాకు గౌరవం పెరిగింది, దెబ్బ ఎక్కడెక్కడ తగుల్తుందో తెలిసినోడెవడో ఆ లిస్టు రాశాడు.

ఫ్యామిలీకి కూడా కౌన్సెలింగ్ ఉంటుంది. మా ఆవిడ మొదట రానంది, "మన ఇంటి గొడవ తెల్లోళ్ళకెందుకండీ" అని. ఒకసారి వచ్చింది. అక్కడ వేరే భార్యలతో మాట్లాడాక కార్లో చెప్పింది, వాళ్ళాయన కూడా చెత్త సంచి చూస్తే లేన్ మారుస్తాడంటండీ, నేను మీరొక్కరే అనుకున్నా అని. తనకీ ఓ గ్రూప్ కావాలని నాకు అప్పటిదాకా తట్టనే లేదు, సిగ్గుగా అనిపించింది.

నచ్చనివి చెప్పకపోతే రివ్యూ ఎలా అవుతుంది. మందులు ఇక్కడ రాయరు, నిద్ర మాత్ర కావాలన్నా వీఏ ఆస్పత్రికో బయట డాక్టరుకో వెళ్ళాల్సిందే, పంపిస్తారు గానీ చేతిలో పెట్టరు. తెలుగులో గ్రూప్ లేదు, ఉంటుందని ఆశ పెట్టుకోవడం కూడా తప్పేమో, మావ్నీ వాళ్ళం నలుగురం నాలుగు రాష్ట్రాల్లో ఉన్నాం. గ్రూప్‌లో క్రీడలంటే అమెరికన్ ఫుట్‌బాలే, మొదటి ఇరవై నిమిషాలు దానికే పోతాయి, నేను రెండేళ్ళ నుంచి తలూపుతున్నా, ఇంతవరకూ రూల్స్ తెలీవు. కాఫీ ఘోరం. డోనట్స్ ఎప్పుడూ ఉంటాయి, మా ఆవిడ ఒకసారి మిర్చి బజ్జీలు పంపింది, ఇరాక్ ఆయన ఒకటి కొరికి ఐదు నిమిషాలు బయట నిలబడొచ్చాడు, అప్పట్నుంచి ప్రతి నెలా అడుగుతున్నాడు.

వెట్ సెంటర్ దూరమైతే వేరే దారులున్నాయి. వీఏ ఆస్పత్రుల్లో పీర్ స్పెషలిస్టులుంటారు, వాళ్ళు డాక్టర్లు కాదు, తామే డిప్రెషనో తాగుడో పీటీఎస్డీయో దాటొచ్చి, ట్రైనింగ్ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న వెటరన్లు. 2012లో ఒబామా ఆర్డరిచ్చి ఏడాదిన్నర లోపు 800 మందిని తీసుకోమన్నాడు, అప్పట్నుంచి అవి మామూలు ఉద్యోగాలయ్యాయి. కూర్చుని మాట్లాడటం పడని వాళ్ళకి 2010లో పెట్టిన టీమ్ ఆర్‌డబ్ల్యూబీ అనే వెటరన్ల సంఘం ఉంది, ఎర్ర టీషర్టులేసుకుని కలిసి పరిగెత్తుతారు, మాట్లాడక్కర్లేదు. నేను రెండుసార్లు వెళ్ళా, మోకాలు ఒప్పుకోలేదు. మరీ చేతులు దాటిపోయేలా ఉన్న రాత్రయితే ఇవేవీ ఆలోచించకండి, 988 కొట్టి 1 నొక్కండి, అది అమెరికాలో వెటరన్ల క్రైసిస్ లైన్, ఎప్పుడైనా ఎత్తుతారు. వెట్ సెంటర్ల ఫోన్ 877 927 8387, అదీ రాత్రీ పగలూ ఉంటుంది, ఎత్తేవాళ్ళు వెటరన్లో వాళ్ళ ఇంటివాళ్ళో అయ్యుంటారు.

నా రేటింగ్ నాలుగున్నర. అర తగ్గించింది కాఫీకి.

ఇంకొక్కటి. మాది గిద్దలూరు వైపు, మా ప్రాంతంలో ఊరికి పదిమంది మిలట్రీ వాళ్ళుంటారు. మా మిలట్రీ బాబాయ్ 1987లో మనవాళ్ళు శ్రీలంక వెళ్ళినప్పుడు జాఫ్నాలో ఉన్నాడు. ఇంట్లో ఆ ఊసే ఎత్తడు, పిల్లలెవరైనా అడిగితే పిన్ని కళ్ళతోనే ఆపేసేది. కానీ సాయంత్రం అయితే వేపచెట్టు కింద అరుగు మీద ఇంకో ఇద్దరు రిటైర్డ్ వాళ్ళతో కూర్చునేవాడు, మేం దగ్గరికెళ్తే మాటలాపేసేవాళ్ళు. క్యాంటీన్ రమ్ము కోసం చేరతారని ఊళ్ళో అనేవాళ్ళు, నేనూ అదే అనుకునేవాణ్ణి. ఆ ఇద్దరిలో ఒకాయన పోయాడు, ఇంకొకాయన కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయాడు. పోయిన నెల ఫోన్ చేసి బాబాయ్‌కి మా మంగళవారం గురించి చెప్పా, ఇండియాలో కూడా 14416కి చేస్తే టెలీ మానస్ అని మానసిక సమస్యలకి గవర్నమెంటు పెట్టిన ఫోన్ లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, రాత్రైనా పర్లేదు, 2023లో మిలట్రీ వాళ్ళ కోసం పుణెలో విడిగా సెల్ కూడా పెట్టారు అని చెప్పా.

"కాఫీ ఒక్కటేనా, రమ్ము ఇవ్వరా మరి?" అన్నాడు. ఇవ్వరు బాబాయ్ అన్నా. నంబర్ రాసుకున్నాడో లేదో తెలీదు. స్కిటిల్స్ సంగతి కూడా చెప్పా, పీచెస్ సంగతీ చెప్పా. చాలాసేపు ఫోన్లో ఏం లేదు, కట్టయిందేమో అనుకున్నా, వెనకాల పిన్ని ఎవరితోనో పాల లెక్క మాట్లాడటం వినపడుతోంది. తర్వాత అడిగాడు, "ఆ పీచెస్ ముసలాయన ఇంకా వస్తన్నాడా?" అని.

వస్తున్నాడు బాబాయ్, ఈ మంగళవారం కూడా వచ్చాడు అన్నా.